సిక్కోలు భీముడు కోడి రామ్మూర్తి: కారును ఆపింది కండబలం ఒక్కటేనా? ఆ ముందు క్షణాల్లో ఏం జరిగింది?

ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు ఊపిరి బిగబడితే తెగిపోయేది. రెండు చేతులకూ రెండు కార్లు కట్టి చెరో దిక్కుకి నడిపితే అవి కదిలేవి కావు. రొమ్ము మీద ఏనుగు నిలబడేది. ఉత్తరాంధ్రలో ఈ మాటలు వినగానే గుర్తొచ్చే పేరు ఒక్కటే.. కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అని దేశం పిలుచుకున్న సిక్కోలు బిడ్డ.

ఆయన పోయి ఎనభై ఏళ్లు దాటింది. అయినా ఆయన బలం గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. కానీ ఆ కథల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక భాగం ఉంది. గొలుసు తెగే ముందు, కారు కదిలే ముందు ఆయన తీసుకున్న టైం. అంటే సిద్ధమయ్యే సమయం. ఎచ్చెర్ల పోలీస్ మైదానంలో పరుగు పరీక్షకు నిలబడే కుర్రాళ్లకి ఈ రోజు పనికొచ్చేది కూడా సరిగ్గా అదే. ఎలాగో చూద్దాం.

వీరఘట్టం నుంచి విజయనగరం

రామ్మూర్తి పుట్టింది వీరఘట్టంలో, 1880ల మొదట్లో. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. తర్వాత శ్రీకాకుళం జిల్లా అయింది. 2022లో జిల్లాలు మారినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఏదైనా, సిక్కోలు జనం మాత్రం ఆయన్ని తమవాడిగానే చెప్పుకుంటారు.

తండ్రి కోడి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లాడిని తండ్రి గారాబంగా పెంచాడు. పిల్లాడికి మాత్రం చదువు మీద కంటే ఒంటి మీద ధ్యాస ఎక్కువ. ఊరి బయట చెరువు దగ్గర రోజూ కసరత్తు చేసేవాడని పెద్దలు చెప్పేవారు.

ఇలాగే వదిలేస్తే కుదరదని తండ్రి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న బంధువు నారాయణస్వామి ఇంటికి పంపాడు. చదువు కోసం పంపితే అక్కడా వ్యాయామమే దొరికింది. విజయనగరం అంటే సంస్థానం ఊరు. సంగీతం, సాహిత్యంతో పాటు కుస్తీ, సాము గరిడీలకి కూడా అక్కడ ఆదరణ ఉండేది. దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు.. కుర్రాడి ఒళ్లు అక్కడే ఉక్కులా మారింది.

కొన్నాళ్లకి మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి విజయనగరం వచ్చారు. తాను చదివిన ఊళ్లోనే స్కూలు పిల్లలకి డ్రిల్ మాస్టారు అయ్యారు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఆయన కేవలం పుట్టుబలంతో వచ్చిన వస్తాదు కాదు. ఒంటిని ఎలా తయారు చేయాలో చదువుకుని, పిల్లలకి చెప్పిన మనిషి. డ్రిల్ అంటేనే ముందు ఒక హెచ్చరిక, తర్వాత ఒక ఆజ్ఞ. మొదటి మాటకి ఒళ్లు సిద్ధం కావాలి. రెండో మాటకి కదలాలి.

మాస్టారు సర్కస్ పెట్టారు

స్కూలు గ్రౌండ్ ఆయనకి చాలలేదు. విజయనగరంలో పొట్టి పంతులు అని అందరూ పిలిచే మిత్రుడి సాయంతో సర్కస్ కంపెనీ మొదలుపెట్టారు. తెలుగు ఊళ్లలో మొదలైన ఆ డేరా తర్వాత దేశమంతా తిరిగింది. ఆపైన సముద్రాలు దాటింది.

జనం టికెట్ కొనేది ప్రధానంగా మూడు ఐటెమ్స్ కోసం. ఒకటి గొలుసు తెంచడం. రెండోది కారును ఆపడం. మూడోది ఛాతీ మీద ఏనుగు. ఈ మూడింట్లోనూ కామన్‌గా ఒక విషయం ఉంది. ఏదీ హఠాత్తుగా జరిగేది కాదు. ప్రతిదానికీ ముందు కొన్ని క్షణాల నిశ్శబ్దం ఉండాల్సిందే. ఆయన ప్రాణాయామం, యోగ సాధన చేసేవారని, వాయుస్తంభన విద్య తెలుసని అప్పట్లో గట్టిగా చెప్పుకునేవారు. ఊపిరి నింపుకోవడం, మనసు ఒక్క చోట పెట్టడం, తర్వాత ఒక్కసారిగా శక్తి వదలడం.. ఇదీ వరస.

చూసేవాళ్లకి ఆ ఆఖరి క్షణమే కనిపిస్తుంది. గొలుసు తెగితే చప్పట్లు. కానీ పని సగం అంతకుముందే అయిపోయి ఉంటుంది.

కండరానికి టైం కావాలి

ఎంత బలవంతుడికైనా కండరం స్విచ్ వేసినట్టు పూర్తి బలం ఇవ్వదు. సున్నా నుంచి గరిష్ఠ బలానికి చేరడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే సెకనులో సుమారు మూడో వంతు. రెప్పపాటు అనుకుంటాం కానీ, ఆటలో, కుస్తీలో అది చాలా ఎక్కువ.

కండరం వదులుగా ఉంటే ఇంకో ఆలస్యం కూడా కలుస్తుంది. వదులుగా ఉన్న తాడును లాగితే ముందు ఆ వదులు పోవాలి, తర్వాతే అవతలి బరువు కదులుతుంది. కండరం, దాన్ని ఎముకకి కలిపే స్నాయువు కూడా అంతే. కొంచెం బిగువు ముందే ఉంటే, నరం నుంచి ఆజ్ఞ వచ్చిన వెంటనే బలం ఎముకకి చేరుతుంది. గొలుసు తెంచేవాడు ఊపిరి నింపి, ఒళ్లు బిగించి ఆగడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇక్కడ మెదడు పని కూడా ఉంది. 1960లలో కోర్న్‌హ్యూబర్, డీకె అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టారు. ఎవరూ చెప్పకుండా మనంతట మనం వేలు కదపాలనుకున్నా, ఆ వేలు కదలడానికి సుమారు సెకను ముందు నుంచే మెదడులో విద్యుత్ సంకేతం నెమ్మదిగా పెరగడం మొదలవుతుంది. వేలు కదపడానికే ఇంత సన్నాహం ఉంటే, గొలుసు తెంచడానికి ఎంత ఉండాలి?

వైస్రాయ్ కారు కథ

రామ్మూర్తి జీవితంలో ఎక్కువగా చెప్పుకునే ఘట్టం విశాఖపట్నంలో జరిగింది. అప్పటి వైస్రాయ్ లార్డ్ మింటో ఆయన గురించి విని, స్వయంగా పరీక్షించాలనుకున్నారట. కారుకు కట్టిన గొలుసును రామ్మూర్తి పట్టుకున్నారు. మింటో కారు స్టార్ట్ చేశారు. కారు అంగుళం కూడా కదల్లేదని ఉత్తరాంధ్రలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మింటో వైస్రాయ్‌గా ఉన్నది 1905 నుంచి 1910 వరకు.

ఆ రోజుల్లో కార్లు ఇప్పటిలా ఉండేవి కావన్నది నిజమే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఇంజిన్ సామర్థ్యం 20 హార్స్‌పవర్. అంతమాత్రాన ఆ ఫీట్ తేలికేం కాదు. ఇరవై గుర్రాల ఇంజిన్ అయినా మనిషి కంటే చాలా ఎక్కువే. మరి ఎలా సాధ్యం?

కిటుకు మొదటి క్షణంలోనే ఉంది. గొలుసు వదులుగా ఉందనుకోండి.. కారు ఒక అడుగు కదిలి, వేగం పుంజుకుని, అప్పుడు గొలుసును లాగుతుంది. ఆ కుదుపుకి ఎంతటివాడైనా ఎగిరి పడతాడు. అదే గొలుసు ముందే బిగుతుగా ఉండి, పాదాలు నేలలో నాటుకుని, ఒళ్లు వెనక్కి వాలి ఉంటే కారుకి వేగం పుంజుకునే అవకాశమే ఉండదు. నిలబడి ఉన్న కారును నిలబెట్టే ఉంచడం వేరు. కదిలిన కారును ఆపడం వేరు.

అంటే ఇలాంటి ఫీట్‌లో లాగుడు తెలిశాక బిగించడం మొదలుపెడితే పని అయిపోయినట్టే. ఒళ్లు ముందే తెలుసుకుని ఉండాలి. 1967లో సోవియట్ శాస్త్రవేత్తలు ఇదే కోణంలో ఒక ప్రయోగం చేశారు. నిలబడ్డ మనిషిని చెయ్యి గబుక్కున ఎత్తమన్నారు. చేతి కండరం కంటే ముందే కాళ్లు, నడుము కండరాలు పని మొదలుపెట్టాయి. చెయ్యి ఎత్తితే ఒళ్లు ఊగుతుందని మెదడుకి తెలుసు కాబట్టి, ఊగకముందే కాలిని గట్టి చేసేసింది. మనం రోజూ తెలియకుండా చేసే ఈ పనినే కుస్తీవాళ్లు ఏళ్ల తరబడి సాధనతో పదును పెట్టుకుంటారు.

ఏ కాలో ముందే చెప్తే..

సిద్ధమయ్యే టైం కదలికను ఎంత మారుస్తుందో రామ్మూర్తి పుట్టకముందే ఒకాయన కొలిచారు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ పట్టణానికి చెందిన కంటి వైద్యుడు ఫ్రాన్సిస్కస్ డాండర్స్. 1868లో ఆ ఫలితాలు ప్రచురించారు.

ప్రయోగం చాలా సింపుల్. మనిషి కుడి కాలికో ఎడమ కాలికో చిన్న కరెంట్ షాక్ ఇస్తారు. ఏ వైపు తగిలితే ఆ వైపు చేత్తో స్పందించాలి. ఏ కాలికి తగులుతుందో ముందే చెప్తే స్పందన త్వరగా వచ్చింది. చెప్పకపోతే దాదాపు 66 మిల్లీసెకన్లు లేటయింది. మనిషి అదే, చెయ్యి అదే. తేడా అంతా ముందే సిద్ధమయ్యే వీలు ఉండడం, లేకపోవడం.

1914లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ వుడ్రో ఇంకో ప్రశ్న వేసుకున్నారు. రెడీ అని చెప్పాక అసలు సిగ్నల్ ఎంతసేపటికి ఇస్తే మనిషి బాగా స్పందిస్తాడు? మరీ త్వరగా ఇస్తే ఒళ్లు ఇంకా సిద్ధం కాదు. మరీ ఆలస్యం చేస్తే బిగువు సడలిపోతుంది. మంచి ఫలితం సుమారు 2 నుంచి 4 సెకన్ల మధ్య వచ్చింది.

దీన్నిబట్టి సిద్ధమవడం అంటే ఎంతసేపు ఉంటే అంత మంచిది అని కాదు. అది పాల పొంగు లాంటిది. పొంగే క్షణానికి అందుకోవాలి. దాటితే దిగిపోతుంది.

మరి స్పెయిన్ ఎద్దు సంగతి?

ఇక్కడ ఒక అనుమానం రావాలి. గొలుసైనా, కారైనా ముందే తెలిసిన పరీక్షలు. ఎప్పుడు మొదలవుతుందో తెలుసు, ఎటు లాగుతుందో తెలుసు. ఏమీ తెలియని చోట ఏం చేస్తారు?

దీనికి జవాబుగా చెప్పుకోదగ్గ కథ ఒకటి ఉంది. యూరప్ పర్యటనలో రామ్మూర్తి స్పెయిన్ వెళ్లారని, అక్కడ ఎద్దుల పోటీలో దిగమని అడిగితే అలవాటు లేకపోయినా దిగారని, దూసుకొచ్చిన ఎద్దును కొమ్ములు పట్టుకుని పడగొట్టారని చెప్తారు.

ఎద్దు కుడికి వస్తుందో ఎడమకి వస్తుందో ఎవరూ ముందే చెప్పరు. అవకాశాలు పెరిగే కొద్దీ స్పందన ఆలస్యం అవుతుందని 1952లో బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం హిక్ లెక్క కట్టి చూపించారు. చేయాల్సిన పని ఎంత చిక్కుగా ఉంటే, మొదలుపెట్టడానికి అంత ఎక్కువ టైం పడుతుందని 1960లో అమెరికాలో ఫ్రాంక్లిన్ హెన్రీ, డొనాల్డ్ రోజర్స్ తేల్చారు. మరి అనుభవం ఉన్నవాడు ఎలా తప్పించుకుంటాడు? అవకాశాల్ని తగ్గించుకుంటాడు. ఎదుటివాడి భుజం వాలిన తీరు, అడుగు పడిన తీరు చూసి ఎటు వస్తాడో పసిగడతాడు. గోదాలో గడిపిన ఏళ్లు మల్లుడికి ఇచ్చేది ఇదే. పైకి హఠాత్తుగా కనిపించినా, అదీ సన్నాహమే. కాకపోతే సెకన్లలో కాదు, ఏళ్లలో చేసిన సన్నాహం.

సిద్ధమైపోయినా మెదడు ఆగుతుంది

ఈ లెక్కకి ఈ మధ్య మరో మలుపు వచ్చింది. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక విషయం చూపించారు. కదలికకు సిద్ధమవడం, కదలికను మొదలుపెట్టడం రెండూ వేర్వేరు పనులు. మామూలుగా మనం చెయ్యి కదిపేసరికి, ఆ కదలిక సుమారు 80 మిల్లీసెకన్ల ముందే రెడీ అయిపోయి ఉంటుంది. అయినా మెదడు కాసేపు ఆగుతుంది. ఎందుకంటే సిద్ధం కాకుండా కదిలితే చెయ్యి తప్పు చోటికి పోతుంది. ఆ తప్పు జరగకుండా కొంచెం మార్జిన్ ఉంచుకుంటుందన్నమాట.

తొందరపడితే వేగం పెరగదు, తప్పు పెరుగుతుంది. ఛాతీ మీద ఏనుగు ఎక్కే మనిషికి ఆ తప్పు ప్రాణం తీసేంత ఖరీదైనది.

బిరుదులు, డబ్బు, దానం

సర్కస్‌తో రామ్మూర్తి పేరు దేశమంతా పాకింది. పుణేలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శన చూసి మల్ల మార్తాండ బిరుదు ఇచ్చారని, లండన్‌లో ఐదో జార్జ్ దంపతుల ముందు ప్రదర్శించాక ఇండియన్ హెర్క్యులెస్ అయ్యారని చెప్తారు. మనవాళ్లు బలహీనులు అని తెల్లదొరలు చిన్నచూపు చూసే రోజుల్లో, వాళ్ల ముందే వాళ్ల కారును ఆపిన తెలుగువాడంటే జనానికి ఎంత గర్వమో ఊహించుకోవచ్చు. పూర్తి శాకాహారి కావడం మరో విశేషం.

సంపాదన బాగానే వచ్చింది. అంతే వేగంగా దానాలకీ పోయింది. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చారని పేరు. చివరికి తన కోసం పెద్దగా మిగుల్చుకోలేదు.

కాలు పోయింది.. ధైర్యం పోలేదు

కార్లు ఆపిన ఆ కాళ్లే చివరి రోజుల్లో ఆయన్ని ఇబ్బంది పెట్టాయి. పుండు పడి, ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్‌కి మత్తుమందు వద్దని, యోగ సాధనతోనే నొప్పిని తట్టుకున్నారని చెప్పుకుంటారు. పాదాలు నేలలో నాటి నిలబడటమే బతుకుగా చేసుకున్న మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిచాయి. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లోనే ఆయన కన్నుమూశారు. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఎచ్చెర్ల మైదానంలో ఆ 15 సెకన్లు

ఆ స్టేడియంలో పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్లలో చాలామంది టార్గెట్ ఒక్కటే.. కానిస్టేబుల్ ఉద్యోగం. శ్రీకాకుళం పక్కనే ఉన్న ఎచ్చెర్ల ఏఆర్ పోలీస్ మైదానంలో దేహదారుఢ్య పరీక్షలు జరుగుతాయి. 2022 నోటిఫికేషన్ ప్రకారం జనరల్ కేటగిరీ పురుషులకు 1600 మీటర్ల పరుగు 8 నిమిషాల్లో పూర్తి కావాలి. దాంతో పాటు 100 మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తాలి, లేదంటే 3.80 మీటర్ల లాంగ్ జంప్ చేయాలి.

100 మీటర్లు 15 సెకన్లలో అంటే సగటున సెకనుకి దాదాపు ఆరున్నర మీటర్లు. విజిల్ విన్నాక ఒకడు 0.15 సెకన్లలో కదిలాడు, ఇంకొకడు 0.30 సెకన్లలో కదిలాడు అనుకుందాం. ఇద్దరి మధ్య దూరం అక్కడే ఒక మీటర్. ఇద్దరి కాళ్లలో బలం సమానమే అయినా ఒకరికి ఉద్యోగం, మరొకరికి ఇంకో ఏడాది ఎదురుచూపు. ఇంట్లో అమ్మానాన్నలు కూలి డబ్బులతో కోచింగ్ ఫీజు కట్టిన కుర్రాడికి ఆ మీటర్ ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

2009 బెర్లిన్‌లో 9.58 సెకన్లతో ఉసేన్ బోల్ట్ ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు, తుపాకీ శబ్దానికి ఆయన స్పందించిన టైం 0.146 సెకన్లు. అంతర్జాతీయ పోటీల్లో 0.100 సెకన్ల కంటే ముందు కదిలితే ఫౌల్. శబ్దం విని కదలడానికి మనిషికి ఆ మాత్రం టైం పడుతుందని, అంతకంటే ముందు కదిలాడంటే ఊహించి దూకినట్టేనని లెక్క.

మరి ప్రాక్టీస్‌లో ఏం చేయాలి? అందరూ రౌండ్లు కొట్టడం మీదే దృష్టి పెడతారు. స్టార్ట్ మీద పెట్టరు. ఒక స్నేహితుడిని పక్కన నిలబెట్టి రెడీ అనిపించండి. రెండు సెకన్లకి ఒకసారి, మూడు సెకన్లకి ఒకసారి, లెక్క దొరక్కుండా విజిల్ వేయమనండి. ముందు కాలి మీద బరువు వేసి, కండరం కొంచెం బిగువుగా ఉంచండి. కొయ్యలా బిగుసుకుపోవద్దు. విజిల్ ఎప్పుడు పడుతుందా అని ఊహించొద్దు. వినగానే మొదటి అడుగు ఎక్కడ పడాలో మాత్రం ముందే మనసులో వేసుకోండి. నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటే, విజిల్‌కి మిగిలే పని కదలడం ఒక్కటే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రామ్మూర్తి ఊపిరి బిగబట్టే విద్య చూసి బరువులెత్తేటప్పుడు అలా ప్రయత్నించొద్దు. ఊపిరి బిగబట్టి బలం పెడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఛాతీ మీద బరువులు, కార్లకి గొలుసులు లాంటి ఫీట్లు ఇంట్లో చేసేవి కావు. ఆయన వాటి వెనక ఒక జీవితమే పెట్టారు.

కోడి రామ్మూర్తి నుంచి నేర్చుకోవాల్సింది ఆయన కండల కొలత కాదు. పని మొదలవ్వకముందే సగం పని పూర్తి చేసే అలవాటు. వీరఘట్టం చెరువు దగ్గర మొదలైన ఆ అలవాటే విజయనగరం డ్రిల్ మాస్టారిని ప్రపంచం తిప్పింది. ఎచ్చెర్ల మైదానంలో గీత దగ్గర నిలబడ్డ కుర్రాడికి అంత టైం ఉండదు. రెడీకీ విజిల్‌కీ మధ్య రెండు మూడు సెకన్లే ఉంటాయి. ఆ కాసేపటిని వాడుకోవడం వస్తే చాలు.